నల్లోడి ఆయుష్షు

ఆ ఏడాది మా వైపు మోటార్ సైకిళ్ళు మనుషుల్ని మోయడం మానేశాయి. మనుషులే వాటిని తోసుకుంటూ తిరిగేవారు. పొద్దున్నే మెయిన్ రోడ్డు మీద నిలబడితే బడికి పోయే మాస్టారూ, చేపల గంప కట్టుకున్న బేరగాడూ, అత్తారింటికి బయల్దేరిన కొత్తల్లుడూ అందరూ హేండిల్ పట్టుకుని చెమటలు కక్కుతూ నడుస్తూ కనిపించేవారు. పొరుగూరి వాడెవడైనా చూస్తే పెట్రోలు కరువొచ్చిందనుకునేవాడు. ట్యాంకుల్లో పెట్రోలు నిండుగానే ఉంది. కరువల్లా కిలోమీటర్లకి.

దీనంతటికీ కారణం సబ్బుబిళ్ళంత పెట్టె ఒకటి. దాని పేరు ‘నాడి’. చేసినావిడ డాక్టర్ హైమవతి. ఆవిడ మందులిచ్చే డాక్టరు కాదు, లోహాల డాక్టరు. విశాఖపట్నంలో ఒక ల్యాబ్‌లో పదకొండేళ్ళు ఇనుముకి చెవి ఒగ్గి కూర్చున్న మనిషి.

నాడి సంగతి తెలియడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. ఒక కట్టుతీగ ముక్క తీసుకుని ఇటూ అటూ వంచండి. మొదటిసారి విరగదు. పదోసారీ విరగదు. ఇరవయ్యోసారి పుటుక్కున విరుగుతుంది. అంటే మొదటిసారి వంచినప్పుడే లోపల కొంచెం తెగిందన్నమాట, మనకి తెలియలేదంతే. బండిని మోసే ఇనప చట్రం, చాసిస్, కూడా ఆ తీగలాంటిదే. గతుకు గతుక్కీ రవ్వంత వంగుతుంది, లోపల కంటికి ఆనని పగుళ్ళు పుడతాయి. పగులు పెరిగినప్పుడల్లా ఇనుము ఒక చప్పుడు చేస్తుంది. అది మన చెవికి అందదు. నాడిలో ఉన్న సెన్సర్‌కి అందుతుంది. సీటు కింద చాసిస్‌ని అంటిపెట్టుకుని అది రోజంతా వింటుంది. విన్నది హైమవతి గారి కంప్యూటర్‌కి పంపిస్తుంది. హేండిల్ మీద చిన్న అద్దంలో ఒక అంకె చూపిస్తుంది. ఆ బండి విరగడానికి ఇంకెన్ని కిలోమీటర్లుందో ఆ అంకె.

పాత బళ్ళు నడిరోడ్డు మీద రెండు ముక్కలై జనం తలలు పగులుతుంటే, ప్రభుత్వం మా వైపు ఆరువందల పాత బళ్ళకి నాడి ఊరికే బిగించింది. అంకె పదిహేను వందల కిందికి దిగితే యార్డుకి తెచ్చి అప్పజెప్పండి, దాన్ని తుక్కు చేసి కొత్త ఎలక్ట్రిక్ బండి చేతిలో పెడతాం, పైసా ఇవ్వక్కర్లేదు అంది. ఇంతకంటే ఏం చేస్తారు ఎవరైనా? కాని మనవాళ్ళు ఆ అంకెని చూసీచూడగానే దానికి ‘ఆయుష్షు’ అని పేరు పెట్టేశారు. ఆయుష్షన్నాక బ్రహ్మరాత, ఇంక దానికి తిరుగులేదు. బండి ఎక్కకుండా తోస్తే అంకె కదలదని మూడో రోజుకే కనిపెట్టారు. ఆ రోజునించి మొదలైంది ఈ తోపుడు.

నాడితోపాటు ఇచ్చిన కాగితం వెనక చిన్నక్షరాల్లో ఒక మాటుంది. ‘ఇంతకు ముందు మోసిన బరువే ఇకముందూ మోస్తుందనుకుని వేసిన లెక్క ఇది. నెలకోసారి తిరిగి వేయబడును.’ ఆ మాట ఆరువందల మందిలో ఒక్కరూ చదవలేదు.

నీలపుట్టుగ ఊరి దాలినాయుడు చదవకపోవడానికి మాత్రం కారణముంది. ఆ కాగితం అందిన రోజున అతని కళ్ళు అద్దంలో అంకె మీదే ఉన్నాయి.

దాలినాయుడుకి ఏభై రెండేళ్ళు. కొబ్బరికాయల బేరం చేసి మానేశాడు. అతని బండి ఇరవై నాలుగేళ్ళనాటిది, వంద సీసీ, నల్లటిది, ట్యాంకు మీద ఎర్రగీత. పేరు నల్లోడు. పెళ్ళయిన మూడో రోజున తవిటమ్మని ఆ బండి మీదే ఇంటికి తెచ్చుకున్నాడు. ఆవిడ ఒక పక్కకి కూర్చుని కుడిచెయ్యి అతని భుజం మీద వేసేది. అప్పటికింకా మాట కలవని కొత్త దంపతులు. అందుకని భుజాన్ని ఒకసారి నొక్కితే మెల్లగా పొమ్మని, రెండుసార్లు నొక్కితే ఆపమని ఒక ఏర్పాటు పుట్టింది. తర్వాత మాటలు కలిశాయి గాని ఏర్పాటు మారలేదు.

తవిటమ్మ జీడిపిక్కలు కొట్టే పనికి పోయేది. జీడి రసానికి వేళ్ళు నల్లబడిపోయి ఉండేవి. రెండేళ్ళ కిందట ఆవిడ కిడ్నీలు పనిచెయ్యడం మానేశాయి. అప్పటినించి సోమ, బుధ, శుక్రవారాలు పట్నంలో డయాలిసిస్. వాళ్ళ వంతు పొద్దున్న ఆరున్నరకి. బస్సు ఎనిమిదికి గాని రాదు. ఆటోలో కూర్చోబెడితే ఆ కుదుపులకి వాంతులు. నల్లోడే దిక్కు. నాలుగు గంటలు మిషన్ మీద పడుకుని లేచాక ఆవిడకి నడుం నిలబడేది కాదు. అందుకని దాలినాయుడు పాత ఇనప కుర్చీ వీపు కోయించి, సీటు వెనకాల వెల్డింగ్ పెట్టించి, దానికి దూదిమెత్త కట్టాడు. ఊళ్ళో వాళ్ళు దానికి సింహాసనం అని పేరు పెట్టి వేళాకోళం చేసేవారు. తవిటమ్మ అందులో చేరగిలబడి నవ్వేది.

మార్చి నెలలో పంచాయితీ ఆఫీసు అరుగు మీద హైమవతి గారు నల్లోడికి నాడి బిగించారు. పది రోజులు వినిపించి మళ్ళీ రమ్మంటే వెళ్ళారు. అద్దంలో అంకె వెలిగింది: రెండు వేల నూట అరవై.

“ఇంతేనేటమ్మా?” అన్నాడు దాలినాయుడు.

ఆవిడ సీటు ఎత్తి వేలు పెట్టి చూపించారు. “ఇక్కడ వెల్డింగ్ ఎవరు పెట్టారు నాయుడు గారూ?”

“నానే దగ్గరుండి ఎట్టించినాను. మా ఆడమనిసి చేరబడ్డానికి.”

“ఆ వేడికి చుట్టూ ఇనుము పెళుసెక్కిపోయింది. పగులు సరిగ్గా అక్కడే ఉంది.”

దాలినాయుడు వంగి ఆ చోటు వేలితో తడిమాడు. తవిటమ్మ మాత్రం, “ఓలమ్మా, నా కుర్సీయేనా దాన్ని తినేసినాది?” అంది, నవ్వుతూనే.

ఇంటికొచ్చాక లెక్కలు మొదలయ్యాయి. వాళ్ళూరినించి మెయిన్ రోడ్డుకి మూడు కిలోమీటర్లు, అక్కణ్ణించి పట్నానికి ఇరవై నాలుగు. రానూ పోనూ ఏభై నాలుగు. వారానికి మూడుసార్లంటే నూట అరవై రెండు. అంటే నల్లోడు పదమూడు వారాలే వస్తాడు. పక్క ఊళ్ళో కొత్త డయాలిసిస్ సెంటర్ కడుతున్నారు, ఆగస్టు పదిహేనుకి తెరుస్తామని బోర్డు కూడా పెట్టారు. దానికి ఇరవై రెండు వారాలుంది. ఆ సెంటరొస్తే నల్లోణ్ణి తోసుకుంటూనే పోవచ్చు, అంకెతో పనేముంది? మధ్యలో ఆ తొమ్మిది వారాలు దాటించాలి, అంతే.

గోడమీద బొగ్గుతో రాసి కొట్టేసి, రాసి కొట్టేసి, ఆఖరికి లెక్క కుదిర్చింది తవిటమ్మే.

“మెయిన్ రోడ్డు దాకా నాను నడిసొస్తాను, నువ్వు తోసుకు రా. బుదారం మానేద్దుం. వారానికి తొంభై ఆరే అవుతాది. ఆగస్టు పదేను దాటి ఇంకా నాలుగు రోజులు మిగుల్తాది సూడు.”

“బుదారం మానేత్తే ఎలాగే? మూడు తప్పకూడదన్నారు కదా డాక్టర్లు.”

“అన్నారు. సెయ్యి కడుక్కుని అన్నం తినమనీ అన్నారు, అన్నీ సేత్తన్నామా? నాకు బాగానే ఉంటంది మావా.”

ఇక్కడ దాలినాయుడు ఒక్క మాటంటే సరిపోయేది. అంకె పదిహేను వందలకి దిగగానే కొత్త బండి తెచ్చుకుందాం, నల్లోణ్ణి వదిలేద్దాం అంటే అయిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చిందని తర్వాత అతనే చెప్పాడు. కాని పెళ్ళాం బాగానే ఉంటుందంటోంది, బండి దక్కుతుందంటోంది. నమ్మడం తేలిగ్గా ఉంది. నమ్మేశాడు.

డయాలిసిస్ గురించి కూడా ఒక్క ముక్క చెప్పుకోవాలి. కిడ్నీ పనిచెయ్యని మనిషి తాగిన నీళ్ళు ఒంట్లోనే నిలిచిపోతాయి. రెండు రోజులకి రెండు కిలోలు బరువు పెరుగుతుంది. మిషన్ ఆ నీళ్ళు లాగేస్తుంది. అందుకే సెంటర్‌లో మిషన్‌కి ముందూ వెనకా తూచి, పసుపుపచ్చ కార్డు మీద బరువు రాసిస్తారు. ఒక రోజు మానేస్తే ఆ నీళ్ళు ఎక్కడికీ పోవు. ముందు కాళ్ళలో చేరతాయి, తర్వాత గుండె దగ్గరికి వస్తాయి.

బుధవారాలు మానేశారు. సెంటర్‌లో అడిగితే, “జొరమొచ్చింది బాబూ,” అని ఒకసారి, “సుట్టాలొచ్చారు,” అని ఒకసారి చెప్పింది తవిటమ్మ. పొద్దున్నే మూడు కిలోమీటర్లు ఆవిడ ముందు నడిచేది, వెనకాల దాలినాయుడు బండి తోసుకుంటూ వచ్చేవాడు. దారిలో ఇంకా నలుగురు తోసుకుంటూ కలిసేవారు. ‘ఎంతుంది మీ వాడికి?’ ‘పన్నెండొందలు.’ ‘నయం, మావాడికి ఆరొందలే’ అని పరామర్శలు చేసుకునేవారు. నలుగురితో పాటు నారాయణా అన్నట్టు, అందరూ చేస్తుంటే పిచ్చిపని కూడా పద్ధతిలాగే కనిపిస్తుంది.

కాని లెక్క ఎక్కడో తప్పింది. నలభై ఎనిమిది కిలోమీటర్లకి అంకె నలభై ఎనిమిదే పడాలి. ఏభై నాలుగు పడేది. ఒక్కోసారి ఏభై ఎనిమిది. ఏప్రిల్ ఆఖరుకి చూస్తే ఉండాల్సిన దానికంటే ఒక వారం తక్కువుంది. దాలినాయుడు రోడ్డు పాడయిందనుకున్నాడు. టైర్లో గాలి తగ్గించాడు. గతుకు కనిపిస్తే దిగిపోయి తోసేవాడు. అంకె మాత్రం పడుతూనే ఉంది.

హైమవతి గారు వచ్చారు. అద్దం చూశారు, పద్నాలుగు వందల ఎనభై.

“ఇంక ఆలోచించకండి నాయుడు గారూ. బండి ఇచ్చేయండి.”

“కొత్తదానికి వెల్డింగ్ ఎట్టకూడదట కదమ్మా. మరి మా ఆడమనిసి చేరబడ్డానికి?”

“వెనక మెత్తటి వీపున్న మోడల్ ఉంది. బెల్టు కూడా ఉంటుంది. నేను రాయిస్తాను.”

“కరెంటు పోతే?”

“ఒక్కసారి చార్జి చేస్తే నూట యాభై వస్తుంది.”

“నాకు గేర్లు అలవాటమ్మా.”

“గేర్లు లేకపోతే ఇంకా సుఖం కదా?”

ఒక్కొక్క అడ్డూ ఆవిడ తీసేస్తూ పోయారు. ఆఖరికి దాలినాయుడు దగ్గర ఏమీ మిగల్లేదు. తల వంచుకుని, “దాన్ని మా ఎదరగా నలగ్గొడతారటమ్మా,” అన్నాడు.

“అది ఇనుము, నాయుడు గారూ. దానికి నొప్పి తెలియదు,” అన్నారు హైమవతి గారు.

“పొద్దల్లా దాని ఏడుపు ఇంటానికి మిసనెట్టింది మీరే కదమ్మా,” అన్నాడు దాలినాయుడు.

అయినా మే నెల మొదటి సోమవారం డయాలిసిస్ అయ్యాక బండి యార్డుకి తిప్పాడు. తవిటమ్మని వేపచెట్టు నీడలో బల్ల మీద కూర్చోబెట్టి, కాగితాల మీద సంతకం పెట్టాడు. తాళం ఇచ్చే ముందు అతని కంటే ముందున్నాయన బండి వంతు వచ్చింది. పాతది, నీలంరంగు. మనిషంత ఎత్తు ప్రెస్సు మధ్యలో నిలబెట్టి మీట నొక్కారు. పైనించి పలక దిగుతుంటే హేండిల్ వంగి హారన్ మీట ఇరుక్కుంది. హారన్ మోగడం మొదలెట్టింది. పలక దిగుతున్నంతసేపూ మోగింది. హెడ్‌లైటు పగిలింది, ట్యాంకు చదునైంది, ఇంకా మోగుతూనే ఉంది. ఆఖర్న పీక నొక్కినట్టు సన్నగా సాగి ఆగిపోయింది. బండి తెచ్చినాయన అటు తిరిగి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

దాలినాయుడు తాళం పిడికిట్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అతని మొహం చూసి తవిటమ్మ బల్ల మీంచి లేచింది. డయాలిసిస్ అయిన రోజున ఎవరూ పట్టుకోకుండా ఆవిడ లేవడం అదే మొదటిసారి.

“పద మావా, ఎల్లిపోదుం,” అంది. “ఆగస్టు దాకా ఎలాగో లాగుదుం. నానున్నాను కదా.”

వెళ్ళిపోయారు. ఆ రోజు ఆవిడ సింహాసనంలో చేరబడకుండా, రెండు చేతులూ అతని నడుం చుట్టూ వేసి కూర్చుంది.

ఆ వారంలోనే తవిటమ్మ ఒక సంగతి కనిపెట్టింది. దాలినాయుడు ఒక్కడూ సంతకి పోయి వచ్చాడు, పది కిలోమీటర్లు. పోయేముందు అంకె చూసింది, వచ్చాక చూసింది. ఒక్కటే పడింది. మర్నాడు మందులకని తనని ఎక్కించుకుని అదే దూరం పోయి వచ్చాడు. పన్నెండు పడింది. ఆవిడ చదువుకున్నది మూడో తరగతి. సైంటిస్టుకి కంప్యూటర్ చెప్పాల్సింది ఆవిడకి ఆ రెండు అంకెలూ చెప్పేశాయి. బండిని అరగదీస్తున్నది రోడ్డు కాదు, గాలి కాదు. తన ఒళ్ళు.

ఆవిడ ఆ మాట మొగుడితో అనలేదు. మర్నాటి శుక్రవారం, “ఇయ్యాల ఒద్దు మావా, ఒంట్లో హాయిగా ఉంది,” అని మాత్రం అంది. పై వారం సోమవారం మానేసింది. తిండి తగ్గించింది, తేలికవుదామని. ఏం లాభం? తిండి మానేసినా నీళ్ళు ఒంట్లో ఊరుతూనే ఉన్నాయి. మానిన కొద్దీ బరువు పెరిగింది. బరువు పెరిగిన కొద్దీ అంకె జోరుగా పడింది. అంకె పడిన కొద్దీ ఇద్దరికీ భయం పెరిగి ఇంకో రోజు మానేసేవారు. కుడితిలో పడ్డ ఎలక తిరిగినట్టు ఆ ఇద్దరూ ఆ అంకె చుట్టూ తిరిగారు. కాళ్ళ పట్టీలు బిగుసుకుపోతే తీసి డబ్బాలో పెట్టేసింది. “ఏటే, తీసేసినావు?” అంటే, “సప్పుడు సిరాగ్గా ఉంది,” అంది.

జూన్ రెండో వారం. తెల్లవారుతుండగా తవిటమ్మ పడుకోలేక లేచి కూర్చుంది. ఊపిరి అందడం లేదు. పాదాలు నొక్కితే గుంటలు పడుతున్నాయి. అంబులెన్స్‌కి ఫోను చేస్తే ఇంకో ఊళ్ళో ఉంది, గంట పడుతుందన్నారు. దాలినాయుడు ఆవిణ్ణి ఎత్తి సింహాసనంలో కూర్చోబెట్టి, చీరకొంగుతో తన నడుముకి కట్టుకున్నాడు. ఆ రోజు మెయిన్ రోడ్డు దాకా తోసుకోలేదు. మూడు నెలల తర్వాత మొదటిసారి నల్లోణ్ణి పూర్తిగా పరిగెత్తించాడు. బండి ఎక్కడా మొరాయించలేదు. ఒక్క కిక్కుకి లేచింది. అంత ముసలి బండి, ఆ పొద్దున కొత్తదానిలా పోయింది.

జీడితోటలు దాటుతుండగా అతని భుజం మీద చెయ్యి నొక్కింది. ఒకసారి. మళ్ళీ ఒకసారి.

ఆపాడు. “ఏటే? ఏటైనాది?”

ఆవిడ అద్దం వంక చూస్తోంది. ఒక్కొక్క మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటూ అంది. “అంకె... సూడు మావా. ఎలాగ పడిపోతందో. నన్ను దించీ. నాను... నడిసొస్తాను.”

“నోర్ముయ్యే!” అని అరిచాడు దాలినాయుడు. ఇరవై నాలుగేళ్ళలో ఆవిణ్ణి అంతలా ఎప్పుడూ కసరలేదు. బండి మళ్ళీ పరిగెత్తించాడు. తర్వాత చెయ్యి ఇంకో రెండుసార్లు నొక్కింది, నొక్కి అలాగే భుజం మీద ఉండిపోయింది. ఈసారి అతను ఆపలేదు.

సెంటర్ గుమ్మంలో కొంగు ముడి విప్పడానికి ఇద్దరు నర్సులు పట్టారు. ఒకావిడ మెడ దగ్గర వేళ్ళు పెట్టి చూసి, రెండో ఆవిడ వంక చూసింది. వాళ్ళు చెప్పకముందే దాలినాయుడు చతికిలబడిపోయాడు. నల్లోడు పక్కన స్టాండు వేసి నిలబడి ఉన్నాడు. అద్దంలో ఎనిమిది వందల అరవై ఒకటి.

నెల తిరిగింది. హైమవతి గారు లాప్‌టాప్ పట్టుకుని నీలపుట్టుగ వచ్చారు. నెలవారీ లెక్క తిరిగి వేసిన బళ్ళన్నీ చూసుకుంటున్నారు. దాలినాయుడింట్లో చావు సంగతి ఆవిడకి తెలియదు. గుమ్మంలో నల్లోణ్ణి చూసి ఆగిపోయారు. అద్దంలో తొమ్మిది వేల నాలుగు వందల అరవై.

“ఇదేమిటి, మిషన్ పాడయిందా?” అంటూ సీటెత్తబోయారు.

“పాడవ్వలేదమ్మా,” అన్నాడు దాలినాయుడు అరుగు మీంచి. “ఎనక ఎవులూ లేరు. అందుకు.”

ఆవిడ అప్పుడు ఇంట్లోకి చూశారు. మేకుకి తగిలించిన చీర, గోడకి కొత్తగా కట్టిన ఫోటో. అరుగు మీద కూర్చున్నారు. ఓదార్చడం చేతకాక, చేతికి అలవాటైన పని చేశారు. లాప్‌టాప్ తెరిచారు. నల్లోడి మూడు నెలల గీత తెర మీద పరుచుకుంది. ఆవిడ ఇన్నాళ్ళూ ఆ గీత కిందికి దిగడం ఒక్కటే చూశారు, ఎప్పుడు విరుగుతుందా అని. ఇప్పుడు చూస్తే అది మెట్లు మెట్లుగా ఉంది. పొద్దున్న పట్నం పోయేటప్పుడు ఎత్తు, మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు పల్లం. మే నెలనించి ఎత్తులు పెరుగుతూ పోయాయి.

“ఈ మెట్లేటమ్మా?” అని దాలినాయుడు దగ్గరికొచ్చి అడిగాడు.

“బరువు,” అన్నారావిడ. “వెనక కూర్చున్న మనిషి బరువు. నాడి దాన్ని కూడా విన్నది.”

అతను లోపలికి పోయి పసుపుపచ్చ కార్డు తెచ్చాడు. ఇద్దరూ పక్కపక్కన పెట్టి చూశారు. మార్చి ఇరవై నాలుగు, మిషన్‌కి ముందు నలభై ఎనిమిది, తర్వాత నలభై ఆరు. తెర మీదా అంతే. మే ఇరవై మూడు, ముందు ఏభై రెండు. తెర మీదా అంతే. కార్డు మీద సోమవారాలూ శుక్రవారాలూ ఖాళీగా ఉన్నచోట తెర మీద గీత ఏభై నాలుగుకి, ఏభై ఐదుకి లేస్తూ కనిపించింది, ఆవిడ మందులకి పోయినప్పుడూ గుడికి పోయినప్పుడూ. ఆఖరి రోజున ఏభై ఎనిమిది. నలభై ఆరు కిలోల మనిషి పన్నెండు కిలోల నీళ్ళు మోసుకుంటూ బండెక్కింది. ఆ సంగతి నలభై రోజులుగా నల్లోడు రోజూ చెబుతూనే ఉన్నాడు. అది హైమవతి గారి కంప్యూటర్‌లోకి చేరుతూనే ఉంది. ఆవిడ అడిగింది బండెప్పుడు విరుగుతుందని. మిషన్ అడిగిన దానికే జవాబు చెప్పింది.

“నేను చూడలేదు నాయుడు గారూ,” అన్నారావిడ. కళ్ళనీళ్ళు కార్డు మీద పడ్డాయి. “ఆరువందల బళ్ళు చూశాను. మనిషిని చూడలేదు.”

“మీరు దూరాన ఉన్నారమ్మా. మీకేటి తెలుస్తాది?” దాలినాయుడు కార్డు తీసుకుని తువ్వాలుతో తుడిచాడు. “నానొక్కణ్ణీ పోతే అంకె ఒకటే పడతాదని నాకూ తెలుసు. సంతకెల్లొచ్చిన్నాడే నానూ సూసినాను. మా ఆడమనిసి ఎందుకు మానేత్తందో తెలిసీ, బాగానే ఉన్నాదంట కదా అని ఊరుకున్నాను. అడిగితే నల్లోణ్ణి ఇచ్చీమంటాదేమోనని అడగలేదు.”

అతను మేకుకున్న తాళం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

“తీసికెల్లీండి. నా ఎదరగా నలగ్గొట్టించండి. హారన్ మోగినా పర్వాలేదు, నిలబడి సూత్తాను.”

హైమవతి గారు తాళం అందుకున్నారు. తర్వాత మెల్లగా చెప్పారు. పదిహేను వందలు దాటిన బండిని తుక్కు చెయ్యడానికి రూలు ఒప్పుకోదు. పైగా ఈ గీతని ఇప్పుడు పెద్ద డాక్టర్లకి చూపించాలి, ఇంక ఎక్కడా ఇలా జరగకుండా నాడిని మార్చాలి. దానికి రుజువు ఈ బండే. ఈ వెల్డింగ్, ఈ కుర్చీ వీపు, ఈ పగులు, ఏదీ చెక్కుచెదరకుండా ఉండాలి. దీన్ని ఇంక ఎవరూ ముట్టుకోకూడదు.

మూడు నెలలు ఏ బండి దక్కితే చాలని దాలినాయుడు వెయ్యి దేవుళ్ళకి మొక్కుకున్నాడో, ఆ బండి ఇప్పుడు నిక్షేపంగా దక్కింది. విశాఖపట్నం ల్యాబ్‌లో అద్దాల గదిలో ఉంది. సింహాసనానికి కట్టిన దూదిమెత్త మీద ఇప్పటికీ కొబ్బరినూనె మరక ఉంది. చూడ్డానికి వచ్చేవాళ్ళు అద్దం బయటినించి ఫోటోలు తీసుకుంటారు. కొత్త నాడి ఇప్పుడు బండి పగుళ్ళొక్కటే కాదు, వెనక కూర్చున్న మనిషి బరువు కూడా చూస్తుంది. రెండు కిలోలు పెరిగితే సెంటర్‌కి తనే కబురు పెడుతుంది. మా వైపు డయాలిసిస్‌కి పోయేవాళ్ళ బళ్ళన్నిటికీ అదే బిగించారు. దానివల్ల ఇప్పటికి పదిహేడుమంది బతికారని లెక్క చెప్తారు. ఎవరూ బళ్ళు తోసుకుంటూ తిరగడం లేదు. పక్క ఊళ్ళో సెంటర్ కూడా ఆగస్టు పదిహేనునే తెరిచారు, బోర్డులో రాసినట్టే.

నల్లోడికి బదులు దాలినాయుడుకి కొత్త ఎలక్ట్రిక్ బండి ఇచ్చారు. హైమవతి గారే దగ్గరుండి మంచి మోడల్ రాయించారు, వెనక మెత్తటి వీపున్నది. అతను మళ్ళీ కొబ్బరికాయల బేరానికి పోతున్నాడు. పొద్దున్నే బటన్ నొక్కగానే బండి మర్యాదగా పలకరిస్తుంది.

“నమస్కారం. వెనక సీటు ఖాళీగా ఉంది. బరువు సున్నా. బయలుదేరమంటారా?”

ఆ మాట రాకుండా చెయ్యొచ్చని, ఒక్క మీట నొక్కితే చాలని షాపు వాళ్ళు చెప్పారు. అతను నొక్కలేదు. రోజూ పూర్తిగా వింటాడు. ఒక నిమిషం ఆగుతాడు, భుజం మీద ఎవరో చెయ్యి వేసేదాకా ఆగినట్టు. అప్పుడు, “ఎల్లు,” అంటాడు.